జీపుకు హీటరు వేయించిన చలికాలం

ఎండలకు పేరుపడ్డ మా వైపు, బండికి హీటరు వేయించుకున్నానని చెబితే ఎవరైనా ముందు నా మొహం చూస్తారు, ఆ తర్వాత నవ్వుతారు. నవ్వనీ. ఆ చలికాలం నేను పడ్డ పాట్లు వాళ్ళు ఒక్క వారం పడి ఉంటే నవ్వు దానంతటదే ఆగిపోయేది.

మాది ఆళ్ళగడ్డకు కొంచెం ఎడంగా, నల్లమల కొండల వైపున్న పల్లె. ఆళ్ళగడ్డలో నాకు విత్తనాల అంగడి ఉంది. మూటలు తోలుకోవడానికని ఎప్పుడో ఒక పాత డీజిల్ జీపు కొన్నాను. దాన్ని ముద్దుగా చూసుకున్నదేమీ లేదు, తిట్టుకుంటూ నడిపేవాణ్ణి. అది కూడా నన్ను అలాగే మోసేది. అక్క మా ఇంటికి వచ్చాకే ఆ జీపు మీద మా ప్రాణాలు ఆధారపడ్డాయి.

అక్క పాములపాడులో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఒకరి మీద ఆధారపడడం చిన్నప్పటినుంచీ ఆమెకు గిట్టదు. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక, నేనూ మా ఆవిడా పోయి బలవంతంగా తీసుకొచ్చాం. వారానికి మూడుసార్లు నంద్యాలలో డయాలసిస్. పొద్దుటి మొదటి వంతు దొరికింది మాకు. తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉండాలి. ఆలస్యమైతే ఆగమని అడగడానికి లేదు. మా తర్వాతి వాళ్ళు బయట బెంచీ మీద కూర్చుని ఉంటారు, మనం ఎంత ఆలస్యమైతే అంత మన వంతులోనే కోత. మిషన్ మీద గంట తగ్గిందంటే ఆ రాత్రి అక్కకు ఆయాసం. పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. అది చూసిన రాత్రి మాకు కూడా నిద్ర ఉండేది కాదు.

బస్సులు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. పోయేటప్పుడు బస్సులో పోవచ్చు. వచ్చేటప్పుడే చిక్కు. రక్తం శుభ్రమయ్యాక అక్కకు బీపీ పడిపోయేది, తల నిలబెట్టలేకపోయేది. అందుకని జీపు వెనక ఒక పక్క సీటు తీసేసి పరుపు వేశాను. ఆసుపత్రి నుంచి ఇంటిదాకా ఆమె దాని మీద కళ్ళు మూసుకుని పడుకునేది. అద్దె కారు ఒకసారి రెండుసార్లయితే సరే, వారం వారం కుదిరే పని కాదు.

ఎండాకాలం, వానాకాలం ఏ గొడవా లేకుండా గడిచాయి. కార్తీకం వెళ్ళిందో లేదో కొండ మీది నుంచి గాలి దిగడం మొదలైంది. మాకు మంచు పడదు, నీళ్ళు గడ్డకట్టవు. దుప్పటి కప్పుకుని బయటికొస్తే సరిపోయే చలే మాది. కానీ ఆ ముసలి ఇంజనుకు ఆ చలే చాలు. తాళం తిప్పితే గుర్రుగుర్రుమని తిరిగేది, వీధంతా తెల్లపొగ నింపేది, పట్టేది మాత్రం కాదు. కొత్త బ్యాటరీ వేయించాను. ఇంకాస్త గట్టిగా గుర్రుమంది, అంతే తేడా.

ఇక మిగిలింది తోపుడు. మా వీధి మలుపులో టీ హోటల్ నడిపే సాయబు ఉన్నాడు, తెల్లవారుజాము నమాజు ముగించుకుని అంగడి తెరవడానికి ఆ దారినే వస్తాడు. ఎదురింట్లో మిరప తోటల పనికి పోయే భార్యాభర్తలు ఉన్నారు, ఆదివారం చర్చికి పోయే పొద్దు తప్ప పనికి పోని రోజు ఉండదు. ఈ ముగ్గురూ, దారిన పోయే మరొకరిద్దరూ కలిసి జీపును వీధి చివరి పల్లందాకా తోసేవాళ్ళు.

"ఏమప్పా, ఈ పొద్దు గూడా మొరాయించిందా?" అనేవాడు సాయబు, నెత్తిన టోపీ సర్దుకుంటూ.

"ఆ" అనేవాణ్ణి నేను.

ఒక్కరు కూడా ఎప్పుడూ విసుక్కోలేదు. నాకు అసలు బాధ అదే. ఎవరైనా ఒక మాట అని ఉంటే తిరిగి నాలుగు అని తేలికపడేవాణ్ణి. నాకు కోపం చేతనవుతుంది, ఒకరి సాయం పుచ్చుకోవడం చేతకాదు. ఆ ఉక్రోషమంతా జీపు మీదా, మా ఆవిడ మీదా చూపించేవాణ్ణి. ముందు సీట్లో శాలువా కప్పుకుని కూర్చున్న అక్క తలుపు తీయబోయేది.

"నేను దిగుతాన్రా, బరువన్నా తగ్గుతాది."

"నువ్వేం బరువక్కా. కూచో."

"పోనీ ఈ పొద్దుకు ఇడిసిపెట్టురా. ఒక్కనాటికి ఏం గాదులే."

నా అవస్థ చూడలేక అంటోందనుకునేవాణ్ణి. నువ్వు ఊరుకో అని కసిరేవాణ్ణి కూడా.

తోపించుకోవడం తప్పించుకోవాలని నేను పట్టని దారి లేదు. ఎవరో చెప్పారని కాగిన నీళ్ళు ఇంజను మీద పోశాను. ఒక రోజు పని చేసింది, మరుసటిసారి చేయలేదు. పాతగుడ్డ డీజిల్లో ముంచి అంటించి గాలి పీల్చే గొట్టం దగ్గర పట్టాను. మా ఆవిడ చేతిలో నీళ్ళ బకెట్‌తో పక్కనే నిలబడి, జీపు అంటుకుంటే దాని మీద పోయాలో నా మీద పోయాలో ఆలోచిస్తున్నట్టు చూసింది. తర్వాత మొండికేసిన ఇంజన్లను పట్టించే స్ప్రే డబ్బా ఒకటి తెచ్చాను. అది కొడితే ఇంజను ఠక్కున పట్టింది గానీ, లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడైంది. ఇంకా రెండుసార్లు కొడితే ఉన్న ఇంజను కూడా పోతుందని భయమేసి మానేశాను.

ఆ తర్వాత ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. మంచుదేశాల వాళ్ళు బండికి హీటరు తగిలించి రాత్రంతా కరెంటు పెట్టి ఉంచుతారట. పొద్దున్నే హాయిగా స్టార్ట్ చేసుకుని పోతారట. ఆ వీడియోలు చూస్తూ చూస్తూ, ఇంజను అడుగున ఆయిలు ఉండే తొట్టికి అతుక్కునే హీటరు పలక ఒకటి తెప్పించాను. అయస్కాంతంతో అతుక్కుంటుంది. ఇంటి పంచలోంచి వైరు లాగి పెట్టాను. మొదటి రోజు జీపు రెండో తిప్పుకే పట్టింది. నేను పొంగిపోయాను. రెండోసారికి రాత్రి మధ్యలో కరెంటు పోయి, తెల్లారేదాకా రాలేదు. మళ్ళీ తోపుడు.

మూడోసారి కరెంటు ఉంది, బండి పట్టింది. ఆ సంతోషంలో వైరు పీకడం మరిచి బయల్దేరాను. పంచ గోడకున్న ప్లగ్గుబోర్డు ఊడి మా వెంటే వచ్చింది. సాయబు టీ అంగడి ముందు నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఈ రోజు తోయక్కర్లేదని సంతోషిస్తున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను. అతను వెనకాల పరుగెత్తి వచ్చి జీపును చరిచాకే ఆపాను. బోర్డు, వైరు, సగం విరిగిన హీటరు పలక రోడ్డు మీద పడి ఉన్నాయి. అక్క నవ్వింది. ఆసుపత్రి దాకా ఆగి ఆగి నవ్వుతూనే ఉంది. ఆ హీటరు చేసిన మంచి ఏదైనా ఉంటే ఆ నవ్వొక్కటే.

"ఇవన్నీ కావు గానీ, నంద్యాలలో మా బామ్మర్ది ఉండాడు. జీపులు వానికి కొట్టిన పిండి. వానికి చూపీప్పా" అన్నాడు సాయబు ఆ రోజు. అప్పటికే అతనికి రుణపడి ఉన్నాను, ఇప్పుడు బామ్మర్దికి కూడానా అనిపించింది. కానీ నా తెలివితేటలు అప్పటికే రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. సరేనన్నాను.

మరుసటి డయాలసిస్ రోజున అక్కను మిషన్ మీద పడుకోబెట్టి, జీపును నేరుగా ఆ బామ్మర్ది మెకానిక్ షెడ్డుకు తోలాను. నా వయసు వాడే. బానెట్ ఎత్తి, కింద ఒకసారి, లోపల ఒకసారి టార్చి వేసి చూశాడు. తర్వాత ముందు అద్దం దగ్గర బిగించి ఉన్న చిన్న ఫ్యాన్ వైపు చూశాడు. జీపు నా చేతికి వచ్చినప్పటినుంచీ ఆ ఫ్యాన్ ఉంది. ఎండాకాలంలో దాని గాలి భలేగా ఉండేది.

"ఈ ఫ్యాను ఎవురు పెట్టించినారన్నా?"

"నాకు తెలీదు. కొన్నప్పుడే ఉండె."

"ఇంత పిడికెడు ఫ్యానుకు ఇంత లావు వైరు యాడన్నా చూసినావా?" అని ఆ వైరు పట్టుకుని లాగుతూ పోయాడు. అది డాష్‌బోర్డు వెనక నుంచి ఇంజనులోకి దిగింది. "ఇది హీటరు వైరు. దీనికి కంపెనీ నుంచే హీటరు ప్లగ్గులు ఉండాయి. కరెంటు మాత్రం ల్యా. వైరు పీకి ఫ్యానుకు ఇచ్చినారు."

నేను పరాయి దేశాల హీటర్ల కోసం ఫోను అరగదీస్తుంటే, ఇంజను కడుపులోనే హీటర్లు ఉన్నాయి. వాటికి పోవాల్సిన కరెంటుతో ఎవడో గాలి విసురుకున్నాడు.

"ఎవడప్పా వాడు?" అన్నాను, దొరికితే పీక పిసికేటట్టు.

"ఎవురైతే ఏందన్నా. ఈడ పాత బండ్లన్నీ ఇంతే. మన ఎండలకు హీటరెందుకని మొదులు దాన్నే పీకుతారు. మా ఉస్తాద్ పీకేటోడు, నేను గూడా పీకినా. ఫ్యాను పెట్టియ్‌మని వాళ్ళే అడుగుతారు." ఏ మొహమాటమూ లేకుండా చెప్పాడు. కోపం తెచ్చుకోవడానికి నాకు సందు దొరకలేదు. ఆలోచిస్తే ఆ మే నెలల్లో ఆ గాలి అనుభవించింది నేను కూడానూ.

అతను చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంజనులో డీజిలు మండే గదులు నాలుగు. ఒక్కో గదికి వేలెడంత ప్లగ్గు ఒకటి. తాళం తిప్పే ముందు కరెంటు ఇస్తే దాని కొన ఎర్రగా కాలి ఆ గదిని వేడిచేస్తుంది, అప్పుడు డీజిలు మొదటి తిప్పుకే అంటుకుంటుంది. ఉన్న ప్లగ్గులు ఇన్నేళ్ళు ఊరకే పడి చచ్చి ఉంటాయి గనక కొత్తవి వేయాలి. విడిభాగాల అంగట్లో రెండు రకాలు చూపించారు. చూడ్డానికి రెండూ ఒకటే. చౌక రకంలో కొన ఉబ్బి లోపలే విరిగిపోతుందని మెకానిక్కు ముందే చెప్పి పంపాడు. నకిలీ విత్తనం పైకి ఎంత నిగనిగలాడుతుందో రోజూ చూసేవాణ్ణి, ఆ విషయంలో నాకు ఇంకెవరూ నచ్చజెప్పనక్కర్లేదు. అసలువే కొన్నాను. ఈ ఎండల ఊళ్ళో హీటరెందుకని అంగడివాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

పని మొదలుపెట్టే ముందు మెకానిక్కు ఒక మాట చెప్పాడు. "పాత ప్లగ్గులు వేడి మీదనే తీయాల. చల్లారితే పట్టేసుకుంటాయి. ఇరిగి సగం లోపల ఉండిపోయినాయనుకో, పైన హెడ్డు ఇప్పాల్సొస్తాది. బండి ఈడ్నే వారం పది దినాలు ఉంటాది. తెలిసే చేపిస్తాండావు గదా?"

వారం పది దినాలంటే ఎన్ని డయాలసిస్‌లకు బండి ఉండదో నా మనసు అప్పటికే లెక్కవేసింది. ఆసుపత్రిలో అక్క మిషన్ మీద ఉంది, మధ్యాహ్నానికి ఆమెను పడుకోబెట్టి ఇంటికి తీసుకుపోవాలి. కానీ ఇలాగే వదిలేస్తే ఈ చలి ఇంకా మిగిలే ఉంది.

"కానియ్ భాయ్" అన్నాను.

మూడు ప్లగ్గులు కొంచెం మూలిగి బయటికొచ్చాయి. మసిపట్టి నల్లగా ఉన్నాయి. వాటి స్థానంలో కొత్తవి బిగించాడు. నాలుగోది కదల్లేదు. పానా వేసి పట్టుకున్నాడు, బలం పెట్టలేదు. చెయ్యి తీసేశాడు.

"ఇది మాట ఇనడం ల్యా."

"గట్టిగా తిప్పు."

"తిప్పితే ఇరుగుతాది. నా చేతికి తెలుస్తాంది." అని నా వైపు చూశాడు. "మూడిటితో గూడా పట్టొచ్చు. ఇట్లే ఇడిసిపెట్టేద్దామా?"

పట్టొచ్చు అనే మాట నాకు రుచించలేదు. పట్టకపోవచ్చు అని కూడా అందులో ఉంది. అలాగని తిప్పమని చెప్పే ధైర్యమూ లేదు. ఏ పనైనా అప్పటికప్పుడు తేల్చేయడం, తేలకపోతే అరవడం నా పద్ధతి. ఆ రోజు షెడ్డులో నిలబడి మొదటిసారి ఒక మనిషిని నెమ్మదిగా అడిగాను. "నీ బండైతే ఏం చేస్తావు భాయ్?"

అతను ఆ ప్లగ్గు మొదలు దగ్గర నూనె పోశాడు. "ఇది ఇంగుతాది. అంతలోపల బండి బాగా వేడెక్కాల. పా, ఒక రౌండు కొట్టొద్దాం."

ఇద్దరం బనగానపల్లె రోడ్డు పట్టుకుని పోయాం. పరుపు వేసిన జీపులో, పగటిపూట, పని లేనివాళ్ళలా. యాగంటికి పోయే బస్సొకటి మమ్మల్ని దాటిపోయింది. అతను గేరు తక్కువలో పెట్టి ఇంజనును కావాలనే కష్టపెడుతున్నాడు. మధ్యలో అక్క ఫోను చేసింది.

"యాడుండావురా?"

"ఈడనే ఉండాలేక్కా, ఆసుపత్రి కాడనే" అన్నాను. జీపు చప్పుడు ఆమెకు వినిపించే ఉంటుంది. ఫోను పెట్టేసింది.

తిరిగి షెడ్డుకు రాగానే అతను ఇంజను ఆపీ ఆపకముందే బానెట్ ఎత్తాడు. పానా వేశాడు. బిగించే వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం. మళ్ళీ నూనె. మళ్ళీ అటు కొంచెం, ఇటు కొంచెం. ఒక్కసారిగా కీచుమని చప్పుడైంది. విరిగిందనే అనుకున్నాను. అతను పానా తీసి, వేళ్ళకు గుడ్డ చుట్టుకుని, చేత్తోనే తిప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టూ తిరుగుతూ పైకొచ్చింది. చెక్కుచెదరకుండా మొత్తం ప్లగ్గు బయటికొచ్చింది.

నేను పక్కనున్న టైరు మీద కూలబడ్డాను. అంత హాయి ఎప్పుడు కలిగిందో నాకు గుర్తులేదు. అతను మాత్రం ఏమీ జరగనట్టు కొత్తది బిగించి, ఫ్యానుకు పోయే వైరు తెంపి ప్లగ్గులకు కలిపి, డాష్‌బోర్డు మీద ఒక నల్లటి బొత్తాం పెట్టాడు. "పొద్దున్నే తాళం తిప్పే ముందు ఇది నొక్కి పట్టుకో. నిమ్మళంగా పది లెక్కపెట్టు. తర్వాత స్టార్ట్ చెయ్. తొందరపడొద్దన్నా, తొందరపడితే ఇది పన్జెయ్యదు." నా సంగతి వాళ్ళ బావ సాయబు ముందే చెప్పి ఉంటాడు.

అక్కను ఎక్కించుకుని ఇంటికొచ్చాను. వేడి ఇంజను ఎప్పుడైనా పట్టేదే గనక దారిలో తెలిసిందేమీ లేదు. అసలు పరీక్ష చలి పొద్దుదే.

ఆ పొద్దు రానే వచ్చింది. కొండ వైపు ఏమీ కనిపించడం లేదు, జీపు అద్దం మీద తడి. సాయబు ఎప్పటిలాగే వస్తూ మా ముందు ఆగాడు. ఎదురింటి దంపతులు కూడా సద్దిమూట అరుగు మీద పెట్టి నిలబడ్డారు. అక్క ముందు సీట్లో కూర్చుని శాలువా సర్దుకుంది.

"ఆ బొత్తాం యాదిరా?"

చూపించాను.

"నేను నొక్కుతా. నువ్వు తొందరపడతావు."

బొటనవేలితో నొక్కి పట్టుకుని, ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు గట్టిగా, ఒక్కొక్కటీ విడమరిచి పదిదాకా లెక్కపెట్టింది. నేను తాళం తిప్పాను. ఒక్క గుర్రు కూడా పూర్తి కాలేదు, ఇంజను అందుకుంది. తెల్లపొగ రాలేదు. సాయబు రెండు చేతులూ పైకెత్తి ఏదో అనుకుని తన దారిన పోయాడు. ఎదురింటి దంపతులు సద్దిమూట ఎత్తుకున్నారు, నేను గేరు వేశాను.

హైవే ఎక్కాక అక్క రోడ్డు వైపే చూస్తూ చెప్పింది.

"పోయినవారమే అనుకున్న్యాన్రా. ఇంకొక్కసారి గన ఇది పట్టకపోతే, ఇంక ఆస్పత్రికి రానని నీకు చెప్పాలని."

నాకు అర్థం కాలేదు. "రాకుంటే ఎట్లక్కా?"

"ఎట్లనేది నాకు తెలీదా? తెలిసే అనుకున్న్యా. తెల్లారకముందే అంతమందిని నిలబెట్టి, తోపిచ్చుకుని బతకాల్నా అనిపించింది."

ఈ పొద్దుకు ఇడిసిపెట్టురా అని ఆమె అన్న ప్రతిసారీ నేను కసిరాను. ఆమె అడిగింది ఆ ఒక్క పొద్దు గురించి కాదు. ఆ నాలుగో ప్లగ్గు విరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటూ జీపును నెమ్మది చేశాను.

"మరిప్పుడో?" అన్నాను.

"ఇప్పుడేముంది" అంది అక్క. "బండి పట్టింది గదా. కొంచెం బేగ పోనీ, లేటైతాది."

నేను గేరు మార్చి నంద్యాల వైపు పోనిచ్చాను.